చలాన్ పడకుండా ఏ స్తోత్రం చదవాలి? శకుంతల చెప్పిన సమాధానం

 

ఉద్యోగానికి ఏ స్తోత్రం, పెళ్లికి ఏ వ్రతం, వీసాకి ఏ గుడి... ఇవి ఎప్పుడూ అడిగేవే. ఇప్పుడు వాటికి ఇంకోటి తోడైంది: "అన్నా, స్పీడ్ చలాన్లు పడకుండా ఏమైనా ఉందా?" సగం సరదాకే అడుగుతారు, తెలుసు. కానీ దాని వెనక పెద్ద విషయమే ఉంది. వీడియోలో టైమ్ సరిపోక వదిలేసింది ఇక్కడ రాస్తున్నా.

ముందు మనం ఇప్పటికే చేసుకుంటున్న "పరిహారాలు" చూద్దాం. మ్యాప్స్‌లో కెమెరా అలర్ట్ రాగానే బ్రేక్, దాటగానే మళ్లీ 110. ఎదురొచ్చే లారీ డ్రైవర్ హెడ్‌లైట్లు కొట్టి సైగ చేస్తే, స్పీడ్ గన్ దాటేదాకా మనంత బుద్ధిమంతులు ఉండరు. బైకు నంబర్ ప్లేట్ వంచేవాళ్లు, ఒక అంకె కనపడకుండా మాస్కు కట్టేవాళ్లు కూడా ఉన్నారు. అది విడిగా ఇంకో నేరం. ఇంతా చేస్తే అది ద్వారకా తిరుమలలో వాహన పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన బండే!

ఇందులో తెలివికి లోటు లేదు. లోటు ఎక్కడుందో చెప్పడానికి మా తణుకు వైపు నుంచే ఒక కథ ఉంది.

ఆదికవి నన్నయ్య తణుకులో యజ్ఞం చేశాడని మా ఊళ్లో చెప్పుకుంటారు. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కోసం ఆయన మహాభారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టాడు. అందులో ఆదిపర్వంలోనే శకుంతల కథ వస్తుంది. మనలో చాలామందికి తెలిసిన ఉంగరం, శాపం, మతిమరుపు... అవన్నీ కాళిదాసు నాటకంలోవి. భారతంలో ఉంగరం లేదు. దుష్యంతుడు ఏదీ మర్చిపోలేదు. అన్నీ గుర్తుండే, నిండు సభలో "నువ్వెవరో నాకు తెలియదు" అంటాడు.

ఎందుకు అనగలిగాడు? కణ్వాశ్రమంలో జరిగిన గాంధర్వ వివాహానికి సాక్షులు లేరు కాబట్టి. మన భాషలో చెప్పాలంటే, అక్కడ కెమెరా లేదు, రికార్డు లేదు.

అప్పుడు శకుంతల ఏడుస్తూ కూర్చోలేదు. నువ్వు ఒక్కడివే ఉన్నానని అనుకుంటున్నావు, కానీ నీ గుండెలో కూర్చున్న ఆ పాతవాడు అంతా చూస్తున్నాడు అంటుంది. సూర్యచంద్రులు, పంచభూతాలు, పగలు, రాత్రి, రెండు సంధ్యలు, యముడు, ధర్మం, నీ అంతరాత్మ... మనిషి నడవడి వీళ్లందరికీ తెలుసని లెక్క చెబుతుంది. చివరికి ఆకాశవాణి ఆమె మాట నిజమని చెప్పాకే రాజు ఒప్పుకుంటాడు. నాకూ తెలుసు, లోకం ఏమనుకుంటుందోనని ఆగాను అంటాడు.

ఇప్పుడు మన కెమెరా దగ్గరకి రండి. కెమెరా ముందు 80, దాటాక 110 అంటే అర్థమేంటి? లిమిట్ ఎంతో మనకి తెలియక కాదు, తెలుసు. సాక్షి ఉన్నచోట ఒకలా, లేనిచోట ఒకలా ఉంటున్నాం. దుష్యంతుడు సభలో చేసింది కూడా సరిగ్గా ఇదే.

"సరే, దేవుడు చూస్తున్నాడని భయపెడుతున్నావా?" అంటారేమో. కాదు ఫ్రెండ్స్. పైన ఇంకో పెద్ద కెమెరా ఉందని చెప్పడానికి ఈ పోస్ట్ అక్కర్లేదు. శకుంతల లెక్కలో పంచభూతాలు కూడా ఉన్నాయి చూశారా, అక్కడ నా ఇంజినీరింగ్ బుర్ర ఆగింది. ఆ సాక్షులు చలాన్ రాయవు, నేరుగా లెక్క కట్టేస్తాయి.

ఒక చిన్న లెక్క వేద్దాం. పొడి రోడ్డు, మంచి బ్రేకులు, అడ్డం వచ్చింది చూసి కాలు బ్రేక్ మీదకి వెళ్లడానికి ఒక సెకను అనుకోండి. 80లో వెళ్లే కారు ఆగడానికి దాదాపు 57 మీటర్లు పడుతుంది. 100లో వెళ్లే కారు అదే 57 మీటర్ల దగ్గర ఇంకా దాదాపు 68 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. మొదటి కారు ఆగిపోయిన చోట, రెండోది ఒక మనిషిని 68తో గుద్దుతుంది. తేడా 20 అనుకుంటాం, కానీ శక్తి పెరిగేది వేగం వర్గంతో.

మరి మిగిలేది ఎంత? 60 కిలోమీటర్ల దూరానికి 80లో 45 నిమిషాలు, 100లో 36. ఆదా 9 నిమిషాలు. అదీ మధ్యలో ఒక్క సిగ్నల్, ఒక్క టోల్ గేటు లేకపోతే.

మన 16వ నంబర్ జాతీయ రహదారి ఎలాంటిదో తెలిసిందే. తణుకు, తాడేపల్లిగూడెం, ఏలూరు... దారి పొడుగునా ఊళ్లే. కోతలప్పుడు రోడ్డు పక్కనే ధాన్యం ఆరబోస్తారు. కొల్లేరు వైపు నుంచి చేపల లారీలు నీళ్లు కార్చుకుంటూ వెళ్తాయి, అక్కడ టైరు జారుతుంది. భీమడోలు దగ్గర చిన్న తిరుపతికి నడిచి వెళ్లే భక్తులు ఉంటారు. పొలం నుంచి సైకిల్ మీద వచ్చే తాతయ్య డివైడర్ సందులోంచి దాటుతాడు. అక్కడ కెమెరా ఉండకపోవచ్చు, తాతయ్య మాత్రం ఉంటాడు. స్పీడ్ గన్ ఉందని హెడ్‌లైట్ కొట్టి చెప్పేవాళ్లు ఉన్నారు. ఆయన దాటుతున్నాడని మనకి ఎవరు చెప్తారు?

"పోలీసులు చెట్టు చాటున నిలబడి పట్టుకుంటున్నారు, అది ధర్మమా?" ఈ కోపం నాకూ అర్థమవుతుంది. చలాన్ తప్పుగా పడిందనిపిస్తే ప్రశ్నించండి, ఫిర్యాదు చేయండి, అది మీ హక్కు. కానీ వాళ్లు దాక్కోవడం మన వేగానికి జవాబు కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ ప్రకారం కారు స్పీడ్‌కి జరిమానా 1,000 నుంచి 2,000 రూపాయలు. ఆ డబ్బు కట్టేయొచ్చు. ఇంకోవైపు పోయేది డబ్బు పెట్టి తెచ్చుకోలేం.

అందుకే అడిగినవాళ్లకి ఈ వారం సాధన ఇదీ:

1. ఏడు రోజులు కెమెరా అలర్ట్ ఆపేయండి. స్పీడోమీటర్, రోడ్డు పక్క బోర్డు, ఈ రెండే చూడండి.
2. 10 నిమిషాలు ముందు బయల్దేరండి. ఆ 9 నిమిషాలు ఇంటి దగ్గరే సంపాదించేసినట్టు!
3. స్టార్ట్ చేసే ముందు ఇష్టదైవాన్ని తలుచుకుని ఒక్క మాట అనుకోండి: "ఈరోజు నా వల్ల ఏ ఇంట్లోనూ ఎవరూ ఎదురుచూస్తూ ఉండిపోకూడదు."
4. పాత చలాన్లు ఉంటే కట్టేయండి. బాకీ పెట్టుకుని మొక్కులు తీర్చుకోవడం బాగోదు.

చలాన్ పడకుండా ఉండే స్తోత్రం నాకు తెలియదు. కానీ ఈ నాలుగూ చేస్తే చలాన్ ఎలాగూ పడదు. అది చిన్న లాభం. చూసేవాళ్లు ఉన్నా లేకపోయినా ఒకేలా ఉండగలగడం అసలు లాభం. జపం, పూజ, ఉపవాసం మనకి నేర్పాలని చూసేది అదే కదా. గుళ్లో అర్ధగంట నేర్చుకున్నది హైవే మీద 45 నిమిషాలు నిలిస్తే, ఆ ప్రయాణం కూడా పూజే.

నెమ్మదిగా వెళ్లండి, క్షేమంగా ఇంటికి చేరండి. వచ్చే వారం కలుద్దాం. శుభం భూయాత్. జై శ్రీరామ్.