ఓదార్పు

ఆపద వచ్చిన యింటికి పోయి నాలుగు మాటలు చెప్పి వచ్చుట మన సంఘమున మర్యాద. ఆ నాలుగింటిలో మూడు సాధారణముగా కారణమును గూర్చినవే. పూర్వజన్మ కర్మమని హిందువు, దేవుని చిత్తమని క్రైస్తవుడు చెప్పును. కారణము దొరికినచో చెప్పువాని మనస్సు కుదుటపడును. వినువాని మనస్సు కుదుటపడునా యనునది విచారింపదగిన ప్రశ్న.

సంస్కృతమున ఓదార్పునకు ఆశ్వాసమని పేరు. శ్వాసమను పదముతో ఏకధాతుజమైన యీ మాటకు తిరిగి ఊపిరి తీసికొనుట యని మూలార్థము. ఇంగ్లీషువారి 'కంఫర్ట్' అను మాట, బలపరచుట యను నర్థముగల లాటిను పదమునుండి వచ్చినది. ఈ రెంటిలోను కారణము చెప్పుట యను భావము లేదు. ఊపిరాడనివానికి ఊపిరి తిరుగువరకు తోడుండుట, కూలినవానికి లేచు బలము వచ్చువరకు ఆసరా యగుట వీని తాత్పర్యము.

క్రైస్తవుల గ్రంథమును చూచినను ఇదియే తేటపడును. సర్వమును కోల్పోయిన యోబును చూడవచ్చిన ముగ్గురు మిత్రులు ఏడు దినములు అతనితో నేలపై మాటలాడక కూర్చుండిరి. అంతవరకు వారు మంచి మిత్రులే. నీ పాపమే నీ కష్టమునకు మూలమని వాదింప మొదలిడి చెడిరి. కథాంతమున దేవుని కోపమునకు పాత్రులైరి. యేసు కుష్ఠరోగిని మాన్పునపుడు చేయి చాపి ముట్టెను. మాటమాత్రమున మాన్పగలవాడని నమ్ము భక్తులు ఆ స్పర్శ యెందులకో ఆలోచింపవలెను. తాము కష్టములో దేవునివలన పొందిన ఆదరణ యితరులను ఆదరించుటకే యని పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ లేఖలోని భావము. ఆ మతమున ఆదరణ తీర్చవలసిన ఋణమువంటిది.

ఆ ఋణమును తీర్చినవారు మన ఉత్తర తెలంగాణమునందే కలరు. కరీంనగరమునకును ఆదిలాబాదునకును పొరుగున, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో స్కాట్లండు వైద్యురాలు ఇసబెల్ కెర్ గారు, వెస్లియన్ మిషను పక్షమున, కుష్ఠరోగులకు వైద్యశాల నెలకొల్పిరి. నాడు ఆ రోగమును నిశ్చయముగా కుదుర్చు మందు లేదు. చాల్మోగ్ర జాతి గింజల నూనెయే ఆధారము. డాప్సోను 1940 తరువాతను, బహుళ ఔషధ చికిత్స 1981 తరువాతను వాడుకకు వచ్చినవి. కుదురునను నమ్మకము చాలనినాడు సయితము, ఊరు వెలివేసినవానికి పడక చూపి పుండునకు కట్టు కట్టుట ఆశ్వాసమే. ఆ కార్యమునకు హిందువైన రాజా నర్సాగౌడు గారు దానము చేసిరి.

మతమున జేర్చుకొనుటకే యీ సేవ యని కొందరి ఆక్షేపణ. మిషనువారికి మతవ్యాప్తి యుద్దేశము కలదనుట నిజమే, దాచ నక్కరలేదు. అయినను పరీక్ష సులభము. రోగి ఆ మతమును స్వీకరింపనని చెప్పిన మరునాడును కట్టు కట్టు చేయి ఆగకున్నచో అది ఓదార్పు, ఆగినచో వర్తకము. ఈ పరీక్షకు సంస్కర్తలమగు మనమును నిలువవలెను. వితంతువు మన సభకు వచ్చినంతకాలమే ఆమె యోగక్షేమము విచారించువారము మనలో లేరా?

సిరిసిల్ల మరమగ్గముల యొద్దను, ఆదిలాబాదు పత్తిచేలలోను అప్పుల బాధకు తాళలేక ప్రాణములు తీసికొన్నవారి కుటుంబములు మన నడుమ నున్నవి. ఆ గుమ్మమున నిలిచి కర్మమునో దైవచిత్తమునో వివరించుటవలన భార్యాబిడ్డల బరువు తగ్గదు; పోయినవాని మీదనో ఉన్నవారి మీదనో నేరము మోపినట్లును కావచ్చును. అప్పు కాగితము చదివి చెప్పుట, కచేరీకి తోడుపోవుట, పిల్లవాని చదువు ఆగకుండ చూచుట వారికి ఊపిరి.

దినవారములు ముగియువరకు ఆ యింట జనముందురు. పిమ్మట ఎవరును రారు. నిజమైన ఓదార్పునకు వేళ అప్పుడే మొదలగును. ఆ వేళ ఆ తలుపు తట్టువాడు చర్చి నుండి వచ్చెనో గుడి నుండి వచ్చెనో లోపలివారు విచారింపరు. విశ్వాసముగలవాడు తన విశ్వాసమునకు చూపదగిన సాక్ష్యము ఆ రాకయే.