మిగిలిన చేయి

ఆషాఢమున నాలుగు వానలు పడినచో హంపి పరిసరములు గుర్తుపట్టరానంతగా మారిపోవును. వేసవిలో సెగలు గ్రక్కిన గుండ్ల సందులందెల్ల గడ్డి మొలచును. అరటితోటలు, వరిమళ్లు ఒక్కటే పచ్చదనమై కలసిపోవును. ఆ పచ్చదనము నడుమ, జనులు ఉగ్రనరసింహుడని పిలిచెడి ఏకశిలావిగ్రహము కూర్చుండియున్నది. ఎత్తు ఇంచుమించు 22 అడుగులు. 1528లో శ్రీకృష్ణదేవరాయలు చెక్కించినది. ఆముక్తమాల్యదలో వర్షర్తువును అంత విపులముగా వర్ణించిన రాజే ఈ స్వామిని నిలిపెనని వానలో తడియుచు చూచువానికి స్ఫురింపక మానదు.

నిజమునకు ఆయన లక్ష్మీనరసింహుడు. తొడపై నుండిన అమ్మవారి మూర్తి విరిగిపోయినది. స్వామిని చుట్టిన ఆమె చేయి ఒక్కటి మాత్రము వెనుకవైపున నేటికిని కలదు. ముందు నిలిచి ఫోటో తీసికొని పోవువారిలో పలువురు దానిని చూడనే చూడరు.

1565 యుద్ధానంతరము నగరము పాడుపడినది. నాటినుండి ఏటేట గడ్డి ఆ నేలను కప్పుచునే యున్నది. ప్రకృతి క్షమాగుణము ఇదియే యని ఒకప్పుడు నేను మురిసిపోతిని. ఇప్పుడట్లు తోచుటలేదు. క్షమించువానికి పోయినదేదో తెలిసియుండవలెను గదా! గడ్డికి ఏమియు తెలియదు.

మరి కొత్త లక్ష్మిని చెక్కి కూర్చుండబెట్టరాదా యని అడుగువారున్నారు. భగ్నవిగ్రహము పూజార్హము కాదని మన పెద్దల మాట. వారి బాధ తేలికగా త్రోసివేయదగినది కాదు. అయినను కొత్తదేవి తన చేతులతోనే వచ్చును. అప్పుడీ పాత చేయి ఎవరిదగును? స్వామి మోకాళ్లనడుమ రాతిపట్టీని పురావస్తుశాఖవారు తరువాత అమర్చినారు. దానికి నాకు ఆక్షేపణ లేదు. పడిపోకుండ నిలుపుట వేరు, విరుగనే లేదనిపించుట వేరు.

ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు. 1953లో తుంగభద్ర ఆనకట్ట నీరు వదలిన పిమ్మట కోస్తా జిల్లాలనుండి వచ్చి క్యాంపులు కట్టుకొన్న కుటుంబములు ఈ ప్రాంతమున ఎన్నియో కలవు. మెట్టనేలలు మాగాణులైనవి. మూడవతరము పిల్లలు చక్కని కన్నడము మాటలాడుదురు; అందులకు సంతోషింపవలసినదే. అవ్వతో మాత్రము సగము తెలుగు. ఆ సగమును గూర్చి ఇంట ఎవ్వరును మాటలాడరు.

క్రిందటి ఏడు మనుమని వెంటబెట్టుకొని పోయితిని. వాడు ఆ చేతిని చూచి, “తాతయ్యా, ఇది ఎవరిది?” అని అడిగెను. చెప్పితిని. “మరి ఆమె ఏది?” అనెను. అంతలో మరల వాన దిగినది. ఇద్దరికి ఒక్కటే గొడుగు, వాడు కదలలేదు.