పంచిపెట్టిన పులిపిండి



అమెరికా దేశపు గృహములలో స్నేహపు రొట్టె అను నొక వాడుక కలదు. పిండి, పాలు, పంచదార కలిపి పులియబెట్టిన ముద్దను దినదినము కలియబెట్టుచు, మధ్యలో మరల అవే వేయుచు, 10 దినములు కాపాడుదురు. పిమ్మట ఒక వంతు తమకుంచుకొని, మిగిలినది స్నేహితుల కిత్తురు. పుచ్చుకొన్నవారు అందులో దాల్చినచెక్కయో, ఎండుద్రాక్షయో, అరటిపండో చేర్చి తమ యింటి రుచిని చూచుకొందురు. రొట్టెలు వేరైనను పులిపిండి యొక్కటే.

మనకిది క్రొత్త సంగతి కాదు. తోడు లేనినాడు గిన్నె పట్టుకొని పొరుగింటికి పోని యిల్లు మన గ్రామములలో ఏది? చెంచాడు మజ్జిగ కుండెడు పాలను తోడుకొనజేయును.

పరలోకరాజ్యమును వివరించుటకు మన ప్రభువు పిండి కలుపు ఒక స్త్రీని చూపెను (మత్తయి 13:33). అయితే కీడు అను పాత పులిపిండిని తీసివేయుడని పౌలు కొరింథు సంఘమును హెచ్చరించెను (1 కొరింథీ 5:6–8). ఒక యింటి పగ సంఘమంతటికి ప్రాకును; ఒక యింటి క్షమాపణయు అట్లే ప్రాకును. మనము పొరుగువారికి దేనిని పంచుచున్నాము?

ముద్దను ఎవరికిని ఇయ్యక, మరల పిండి వేయక మూల నుంచినచో అది చెడిపోవును. మన విశ్వాసమును అంతే. కాబట్టి ఈ మాసమున, మాటలు మానుకొనిన యింటి గడపను మనమే ముందు తొక్కుదము. తోడు అడుగుటకైనను సరే, ఇచ్చుటకైనను సరే. ప్రభువు మనకు తోడైయుండును గాక. ఆమేన్.