ఆట ముగిశాక వేషాలు

పికాసో 1905లో పారిస్‌లో వేసిన 'సాల్టింబాంక్‌ల కుటుంబం' బొమ్మను మేం మా కళ్ళతోనే చూస్తాం. ఇంకెవరి కళ్ళతో చూడగలం? సాల్టింబాంక్‌లంటే ఊరూరా తిరిగి వీధుల్లో ఆటలాడి పొట్టపోసుకునేవాళ్ళు. బొమ్మ ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. దాదాపు 7 అడుగుల ఎత్తు, వెడల్పు ఇంకాస్త ఎక్కువ.

అందులో ఆరుగురు. గళ్ళ బట్టల అర్లెకిన్, ఎర్రబట్టల లావుపాటి విదూషకుడు, ఇద్దరు కుర్రాళ్ళు, మనకు వీపు పెట్టిన చిన్నపాప, ఎడంగా కూచున్న ఒక స్త్రీ. చుట్టూ ఉత్త బీడు. గుడారం లేదు, జనం లేరు. ఒకరి చూపు ఒకరితో కలవదు. వేషాలు మాత్రం ఒంటిమీదే ఉన్నాయి. ఆట అయిపోయినా వాటిని విప్పుకునే చోటు లేదు.

మాకు గుచ్చుకునేది అక్కడే. ఖవ్వాలీ పాడితే వహ్వా అంటారు. పండక్కి షీర్‌ఖుర్మా పంపితే ఎంత మంచివాళ్ళో అంటారు. సినిమాలో స్నేహితుడి కోసం ప్రాణమిచ్చే రహీం చాచాకి కన్నీళ్ళు పెడతారు. క్రికెట్ మ్యాచ్ రోజున మా చప్పట్లు లెక్కపెడతారు. అద్దెయిల్లు అడగబోతే మాత్రం పేరడిగి తలుపేస్తారు. ఆడుతున్నంతసేపే మేం మీవాళ్ళం!

ఈ బొమ్మ చూసి 'అయ్యో పాపం' అనేవాళ్ళున్నారు. ఆ జాలి మీద మాకు అనుమానమే. 1992 డిసెంబర్ 6 తర్వాత మాకూ చాలా జాలి దొరికింది. మేం ఏడిస్తే పక్కన కూచున్నారు, కోప్పడితే లేచిపోయారు. దెబ్బ తిన్నవాడు ఎట్లా ఏడవాలో కూడా చూసేవాడే నిర్ణయిస్తాడా? బొమ్మలోవాళ్ళు ఏడవరు. మనవైపు చెయ్యి చాచరు. వాళ్ళ బలహీనత మన ఓదార్పు కోసం పరిచిపెట్టింది కాదు.

అట్లాగని పికాసోనీ ఊరికే వదలం. అర్లెకిన్‌కి తన పోలికే ఇచ్చుకున్నాడంటారు విమర్శకులు. నిజమే, అప్పటికాయన స్పెయిన్ నుంచి వచ్చిన, చేతిలో డబ్బులేని కుర్రాడే. అయినా, వీధి ఆటగాళ్ళ ఆకలిని కళాకారుడి ఒంటరితనానికి గుర్తుగా వాడుకోవడం సబబేనా? ఈ ప్రశ్న మాకూ తగుల్తుంది. పంక్చర్ షాపు తమ్ముడూ, బీడీలు చుట్టే ఆపా మా కవితల్లోకి వస్తున్నారు. వాళ్ళ కోసం వస్తున్నారా, మా కోసమా?

ఇక ఆ పక్కన కూచున్నామె. టోపీ పెట్టుకుని, గుంపుకి చెందినట్టూ చెందనట్టూ ఉంది. వాళ్ళు ఎడంగా పెట్టారో, తనే జరిగి కూచుందో బొమ్మ చెప్పదు. మా మగవాళ్ళలో ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్పారు. మా ఆడవాళ్ళనింకా ఎవరూ అడగలేదు.