కల్లుపాకలో సాయిబు

పాల్వంచలో ఉన్న కరెంటు కేంద్రానికి పేరు మాత్రం కొత్తగూడెందే. 1966లో మొదలైనప్పటి నుంచీ అంతే. పేరు ఒకచోటిది, ఉనికి మరోచోటిది. 2024లో దాని పాత కూలింగ్ టవర్లు కూల్చేసిన రోజు ఊరంతా మిద్దెలెక్కి చూసింది. మేమూ చూశాం. ఆ పొగ కింద బతికినవాళ్ళం కదా! మా సంగతీ ఆ కేంద్రంలాంటిదే. ఉన్నది ఇక్కడ, అడిగేది మాత్రం "మీదెక్కడ?" అని.

షిఫ్టు దిగాక జనం తాళ్ళల్లోకి పోతారు. గౌడన్న మోకు, ముత్తాదుతో చెట్టెక్కి లొట్టి దించుతాడు. తాటాకు దొప్పలో కల్లు, పక్కన గుడాలు, మిరపకాయ బజ్జీలు, బోటికూర. అడవి వైపు కోయగూడేలకు పోతే జీలుగుకల్లు, ఇప్పసారా. ఇంగ్లీషువాడికి పబ్బు ఎట్లాగో మాకు కల్లుపాక అట్లా. యూనియన్ ముచ్చట్లు, పెళ్ళి సంబంధాలు, పాలివాళ్ళ తగాదాలు అన్నీ అక్కడే తేలతాయి. అక్కడ కూర్చోనివాడికి ఊళ్ళో సగం సంగతులు తెలియవు.

అందుకే మేమూ కూర్చునేవాళ్ళం. కల్లు ముట్టేవాళ్ళం కాదు, బోటికూర తినేవాళ్ళం. ఆ మేకను బిస్మిల్లా అని కోసింది మావాడే. పెళ్ళయినా జాతరయినా మేకను కోయడానికి సాయిబును పిలవడం తెలంగాణ పల్లెల్లో పాత అలవాటే. కోతకు మేం కావాలి, కూర అందరిదీ. ఇందులో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

1992 డిసెంబరు 6 తర్వాత ఒక సాయంత్రం, ఏళ్ళ తరబడి పక్కపక్కన పనిచేసిన మిత్రుడు దొప్ప చాపాడు. "ఒక్క గుక్క తాగు సాయిబూ! నువ్వు మావోడివేనని నమ్ముతం" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అంతకుముందూ "తాగరాదూ?" అని అడిగేవాడు. కానీ ఆ మాటకు నమ్మకం అనే షరతు ఉండేది కాదు. మేమూ నవ్వాం. దొప్ప మాత్రం అందుకోలేదు.

మాలోనే ఇంకొకరు అందుకున్నారు. ఆ సంగతి శుక్రవారానికల్లా మసీదు మెట్లెక్కింది. "నువ్వెక్కడి ముసల్మానువి?" అన్నారు పెద్దలు. దొప్ప ఒక్కటే. తాగనివాడు ఈ దేశపువాడు కాకుండా పోయాడు. తాగినవాడు మతంలోంచే పోయాడు. ఒక గుక్క కల్లుకు ఇంత బరువా?

కల్లు హలాలని మేం వాదించడం లేదు. మత్తు హరామే. కానీ ఖురాన్ ఆ నిషేధాన్ని ఒక్కరోజులో తేలేదు. లాభం కంటే కీడు ఎక్కువని మొదట చెప్పింది. మత్తులో నమాజుకు రావద్దని తర్వాత చెప్పింది. పూర్తిగా మానమని చివర చెప్పింది. దేవుడు మనుషులకు ఏళ్ళు గడువిస్తే, మన పెద్దలు ఒక్క సాయంత్రం ఇవ్వలేరా? ఘోరపాపం చేసినవాడు ముస్లిమే కాకుండా పోతాడని ఖారిజీలు తొలి శతాబ్దంలోనే వాదించారు. అత్యధిక ముస్లింలు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. పాపం వేరు, వెలి వేరు.

ఇక అభ్యుదయ మిత్రుల సంగతి. ఖయ్యాంను ఉమర్ ఆలీషా తెలుగు చేశారు. దువ్వూరి రామిరెడ్డి 'పానశాల'గా ఇంటింటికీ తెచ్చారు. ఖయ్యాం చేతిలో పాత్ర మీకు తత్వం. మా లారీ క్లీనరు చేతిలో దొప్ప మీకు సెక్యులరిజం. అదే క్లీనరు వద్దంటే ఛాందసం! మీరు అయ్యప్ప మాల వేసుకుని నలభై ఒక్క రోజులు ముట్టకపోతే నిష్ఠ. మేం బతుకంతా ముట్టకపోతే మొండితనం. ఈ లెక్క ఎవరు రాశారు?

వద్దనడానికి మతమే కారణం కానక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా ఆగింది. 1995లో మద్యనిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. ఆ ఆడవాళ్ళను ఎవరూ ఛాందసులనలేదు. జీతం రోజు ఖాళీ జేబుతో వచ్చే మొగుణ్ణి మా ఇళ్ళల్లో ఆడవాళ్ళూ చూశారు. బుర్ఖా ఉన్నా లేకున్నా ఆ ఏడుపు ఒక్కటే.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ప్రేమతో చాపిన చేతిని కాదంటే అవతలివాడి మనసు నొచ్చుకుంటుంది. ఒకసారి వేసవిలో కిన్నెరసాని అవతల ఒక గూడేనికి పోయాం. కోయ పెద్దాయన మా ముందు దొప్ప పెట్టాడు. "మేం తాగం తాతా" అన్నాం భయంభయంగా. ఆయన మా పేరడగలేదు, ఎందుకని అడగలేదు. దొప్ప వెనక్కి తీసుకుని, అలాంటిదే ఇంకో దొప్పలో తాటిముంజలు వలిచి పెట్టాడు. "ఇవీ ఆ చెట్టువే, తినుండ్రి" అన్నాడు.

పిలుపుకూ పరీక్షకూ తేడా అక్కడ తెలిసింది. పిలిచేవాడు వచ్చినవాడికి ఏది సయిస్తుందో చూస్తాడు. పరీక్షించేవాడికి కావాల్సింది గుక్క కాదు, లొంగుబాటు. మసీదు మెట్ల మీదున్నా, తాళ్ళల్లో ఉన్నా పరీక్ష పరీక్షే.

మేం ఇప్పటికీ తాళ్ళల్లోకి పోతాం. మాలో తాగేవాళ్ళున్నారు, తాగనివాళ్ళున్నారు. తాగినవాడి లెక్క అల్లాకూ వాడి ఇంటిదానికీ చెప్పుకోవాలి, మీకు కాదు. తాగనివాడు ఎవరికీ ఏ లెక్కా చెప్పనక్కర్లేదు. కాస్త జరిగి మాకు చోటివ్వండి, చాలు. దొప్పలో ఏముందో చూడకండి.