తప్పిన మెట్టు దగ్గరికి మళ్ళీ రావచ్చా?

అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లు ఇచ్చిన రోజు మా లెక్కల సారు ఐదుగురి పేర్లు చదివారు. "జనవరి నుంచి మీరు పొద్దున ఏడు గంటలకే రండి. పదో తరగతి పాఠాలు త్వరగా ముగించేసి, పదకొండో తరగతి లెక్కలు మొదలుపెడదాం" అన్నారు. ఆ ఐదుగురిలో నా పేరు ఉంది. బెంచీలో నా పక్కన కూర్చునే స్నేహితురాలి పేరు లేదు. ఆమె ఏమీ అనలేదు, పేపరు మడిచి పుస్తకంలో పెట్టుకుంది.

ఇంటికొచ్చి చెప్పగానే నాయన సంతోషపడ్డారు. అక్క మాత్రం అన్నం కలుపుకుంటూ, "మిగిలిన ముప్పై మందికి ఏం చెప్పారే మీ సారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కుంటూనే ఈ వ్యాసం రాస్తున్నాను. ముందుకు పోగలిగినవాళ్ళని ఆపడం న్యాయమా? వెనకబడినవాళ్ళని వదిలేసి పోవడం న్యాయమా?

ముందు అక్క సంగతి చెప్పాలి. మూడేళ్ళ కిందట అక్క పదో తరగతిలో ఉన్నప్పుడు డెంగ్యూ జ్వరం వచ్చి నెల రోజులు బడికి పోలేదు. ఆ నెలలోనే తరగతిలో త్రికోణమితి అయిపోయింది. తిరిగి వచ్చేసరికి క్షేత్రమితి నడుస్తోంది. పరీక్ష పాసయింది కానీ లెక్కల్లో మార్కులు తగ్గాయి. పదకొండులో ఫస్ట్ గ్రూప్ అడిగితే దొరకలేదు, కామర్స్ గ్రూప్ ఇచ్చారు. ఇప్పుడు బీకాం మొదటి ఏడు చదువుతోంది, బాగానే చదువుతోంది. కామర్స్ తక్కువ చదువని నేను అనడం లేదు. అయితే ఆ దారిని అక్క ఎంచుకోలేదు, ఒక నెల జ్వరం ఎంచింది. నన్ను బాధపెట్టేది అదే.

చరిత్ర పాఠంలో చోళుల గురించి ఒక వారం వినకపోయినా విజయనగరం పాఠం అర్థమవుతుంది. లెక్కల్లో అలా కుదరదు. ఎనిమిదిలో పైథాగరస్ సిద్ధాంతం రాకపోతే పదిలో త్రికోణమితి సర్వసమీకరణాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు. పదిలో సరళరేఖ వాలు అర్థం కాకపోతే పదకొండులో అవకలనం అర్థం కాదు, ఎందుకంటే వక్రరేఖ మీద ఒక బిందువు దగ్గర గీసిన స్పర్శరేఖ వాలే అవకలనం. ప్రమేయం అంటే ఏమిటో తెలియకపోతే ఆ రెండూ తెలియవు. లెక్కలు మెట్ల దారి. ఒక మెట్టు విరిగితే పైమెట్లు ఎంత బాగున్నా కాలు అందదు. కాబట్టి ఏ మెట్టు ఎప్పుడు, ఎవరికి అని పెద్దవాళ్ళు తీసుకునే నిర్ణయం టైంటేబుల్‌తో ముగిసే సంగతి కాదు. అది ఒక పిల్ల బతుకుకు సంబంధించిన నిర్ణయం.

మా ఇంట్లో ఈ విషయం మీద రెండు పక్షాలు ఏర్పడ్డాయి. మాది హోసూరు పక్క పల్లె, గులాబీ తోట ఉంది. నాయన తోట మాటతోనే చెప్పారు: "ముందు విచ్చిన పువ్వును ఆ పొద్దే కోయాలి. మిగతావి విచ్చేదాకా ఆగితే అది రాలిపోతుంది." అక్క కూడా తోట మాటతోనే జవాబిచ్చింది: "మొదటి మడిలోనే నీళ్ళన్నీ ఆపుకుంటే చివరి మడికి ఏం పోతాయి నాయనా?" ఇద్దరిదీ నిజమే. అందుకే ఈ ప్రశ్న కష్టం.

మా పిన్ని వాళ్ళు కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో పక్క ఊళ్ళో ఉంటారు. పిన్ని కొడుకు ఎనిమిదో తరగతి. ఆదివారం ఫోనులో ఇదే మాట వస్తే, అక్కడ దీని మీద పదేళ్ళు గొడవ నడిచిందని పిన్ని చెప్పింది. అక్కడి బళ్ళలో లెక్కలన్నీ కలిపి ఒకే పుస్తకంగా ఉండవట. ఒక ఏడు ఆల్జీబ్రా ఒకటి, తర్వాత జామెట్రీ, తర్వాత ఆల్జీబ్రా రెండు, తర్వాత ప్రీకాల్క్యులస్, చివర కాల్క్యులస్. మొత్తం ఐదు మెట్లు. వాళ్ళ హైస్కూలు తొమ్మిది నుంచి పన్నెండు వరకు, అంటే నాలుగేళ్ళే. ఐదు మెట్లు నాలుగేళ్ళలో పట్టవు. పన్నెండులో కాల్క్యులస్ చదవాలంటే మొదటి మెట్టును ఎనిమిదిలోనే ఎక్కాలి.

ఎనిమిదిలో ఆ మెట్టు ఎక్కేవాళ్ళలో నల్లజాతి పిల్లలు, లాటినో పిల్లలు తక్కువగా ఉన్నారని, ఈ ఏరివేత అన్యాయమని శాన్‌ఫ్రాన్సిస్కో నగర బడుల బోర్డు ఆలోచించింది. 2014లో ఒక నిర్ణయం తీసుకుంది. ఎనిమిదిలో ఎవరికీ ఆల్జీబ్రా లేదు, అందరూ తొమ్మిదిలోనే కలిసి మొదలుపెట్టాలి. ఉద్దేశం మంచిదే, మా అక్క ఉంటే చేయెత్తి ఓటు వేసేది. కానీ జరిగింది వేరు. పన్నెండులో కాల్క్యులస్ కావాలన్నవాళ్ళు రెండు మెట్లను ఒకే ఏడులో ఎక్కాల్సి వచ్చింది, లేదా వేసవిలో వేరే కోర్సు చదవాల్సి వచ్చింది. డబ్బున్న తల్లిదండ్రులు బయట ఫీజు కట్టి చదివించుకున్నారు. తర్వాత స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పరిశీలిస్తే, పై స్థాయి లెక్కలు చదివేవారిలో జాతుల మధ్య ఉన్న తేడా ఈ మార్పు వల్ల తగ్గలేదని తేలింది. చివరికి 2024లో ఎనిమిదో తరగతికి ఆల్జీబ్రాను మళ్ళీ తేవాలని బోర్డు తీర్మానించింది, నగర ఓటర్లు కూడా అదే కోరారు.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఒకటి. ముందు పోయేవాళ్ళ తలుపు మూసినంత మాత్రాన వెనకున్నవాళ్ళకు తలుపు తెరుచుకోదు. నాయన మాటలో అంత నిజం ఉంది.

మన దేశంలో సీబీఎస్ఈ ఇంకో పద్ధతి పెట్టింది. 2020 పరీక్షల నుంచి పదో తరగతి లెక్కల్లో స్టాండర్డ్, బేసిక్ అని రెండు పేపర్లు వచ్చాయి. పాఠ్యపుస్తకం ఒకటే, సిలబస్ ఒకటే, తరగతి గదీ ఒకటే. పరీక్ష కఠినత్వం మాత్రమే వేరు. ముందు ముందు లెక్కలు చదవను అనుకునేవాళ్ళు బేసిక్ రాయవచ్చు. లెక్కలంటే భయపడే పిల్లలకు ఇది ఊరట. కానీ పదిహేనేళ్ళ వయసులో "నాకు లెక్కలు వద్దు" అన్న మాట జీవితాంతం నిలబడే మాటేనా? ఆ భయం కూడా ఒక జ్వరం లాంటిదే కావచ్చు, తగ్గిపోవచ్చు. ఈ పద్ధతిని తెచ్చినప్పుడు వాళ్ళు పెట్టిన ఒక నియమం నాకు చాలా నచ్చింది. బేసిక్ పాసైన పిల్ల మనసు మార్చుకుని పదకొండులో లెక్కలు చదవాలనుకుంటే, కంపార్ట్‌మెంట్ పరీక్షల సమయంలో స్టాండర్డ్ పేపరు రాయవచ్చు. అంటే తప్పిన మెట్టు దగ్గరికి మళ్ళీ వచ్చే సందు ఒకటి ఉంచారు.

నా ప్రశ్నకు జవాబు ఆ సందులోనే ఉందనిపించింది. లెక్కల దారి న్యాయంగా ఉందా లేదా అని చూడడానికి పైమెట్టు ఎంత ఎత్తున ఉందో కొలిస్తే చాలదు. అందరినీ ఒకే మెట్టు మీద నిలబెట్టామా అని చూసినా చాలదు. ఒక మెట్టు తప్పినవాళ్ళు మళ్ళీ దాని దగ్గరికి వచ్చి ఎక్కే వీలుందా? ఆ ఒక్కటి చూడాలి. వీలుంటే ముందువాళ్ళు ఎంత వేగంగా పోయినా అన్యాయం లేదు. వీలు లేకపోతే అందరూ నెమ్మదిగా నడిచినా అన్యాయమే.

మనలాంటి తెలుగు మీడియం పిల్లలకు ఇది ఇంకా ముఖ్యం. మనకి అందరికన్నా ఒక మెట్టు ఎక్కువ. పది వరకు మనం బహుపది, సంభావ్యత, నిరూపకాలు, శ్రేఢి అని చదువుతాం. పదకొండులో చాలామందిమి ఇంగ్లీషు మీడియానికి మారుతాం. అక్కడ పాలినామియల్, ప్రాబబిలిటీ, కోఆర్డినేట్స్, ప్రోగ్రెషన్ అంటారు. లెక్క అదే, పేరు మారిపోతుంది. తెలిసిన మనిషే కొత్త బట్టలేసుకుని వస్తే గుర్తుపట్టలేనట్టు ఉంటుంది. మొదటి రెండు నెలలు తెలుగు పిల్ల నోరు మూసుకుని కూర్చుంటే, ఆ పిల్లకు లెక్కలు రావని ఎవరైనా అనుకుంటారు. పోయింది మాట మాత్రమే, బుద్ధి కాదు.

కల్యంపూడి రాధాకృష్ణారావు గారి జీవితం చదివినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. ఆయన 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చేశారు. అక్కడే పరిశోధన చేద్దామనుకుంటే దరఖాస్తు ఆలస్యమైందని స్కాలర్‌షిప్ రాలేదు. ఉద్యోగం కోసం కలకత్తా పోయి, ఆ ఉద్యోగమూ దొరక్క, అక్కడున్న భారత సాంఖ్యక సంస్థలో శిక్షణకు చేరారు. 1945లో, పాతికేళ్ళ వయసులో, ఆయన రాసిన పరిశోధన వ్యాసాన్ని ప్రపంచమంతా ఇప్పటికీ చదువుతోంది. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి ఆయనకే వచ్చింది. ఆయన ప్రతిభ ఆయనదే. కానీ ఒక తలుపు మూసుకున్న రోజున ఇంకో తలుపు తెరిచి ఉండడం ఆయన చేతిలో లేదు. దాన్ని ముందే ఎవరో కట్టి పెట్టారు. అలాంటి తలుపులు కట్టడం పెద్దవాళ్ళ పని, బడుల పని.

ఇదంతా ఆలోచించి ఒక రోజు సారు దగ్గరికి పోయి అడిగాను. సారు కోప్పడలేదు. "నాకున్నది పొద్దున ఒక గంటమ్మా. ఆ గంట ఎవరికి ఇవ్వాలో నువ్వే చెప్పు" అన్నారు. ఆ మాటకు నేను నిజంగా తడబడ్డాను. న్యాయం గురించి మాట్లాడడం సులువు, ఉన్న ఒక్క గంటను పంచడం కష్టం. కాసేపాగి నాకు తోచింది చెప్పాను. "సార్, మా ఐదుగురం పుస్తకం చూసి కొంత దూరం మేమే పోగలం. మెట్టు తప్పినవాళ్ళు మీరు లేకుండా వెనక్కి రాలేరు. నాలుగు రోజులు మాకు చెప్పండి. శుక్ర, శనివారాలు ఎవరైనా రావచ్చు అనండి. ఏ పాఠం రాకపోతే ఆ పాఠం, ఎనిమిదో తరగతిదైనా సరే. పేర్లు మాత్రం చదవకండి సార్." చివరి మాట ఎందుకన్నానో సారుకు అర్థమైంది. ఒక నెల చూద్దాం అన్నారు.

మొదటి శుక్రవారం పదకొండు మంది వచ్చారు, నా స్నేహితురాలు కూడా వచ్చింది. ఎత్తులు, దూరాల లెక్క చెప్పమని నన్నే అడిగింది. తొంభై డిగ్రీలకు టాంజెంట్ విలువ ఎందుకు లేదని ఆమె అడిగితే, నాకు జవాబు కంఠస్థమే గాని కారణం తెలియదని అప్పుడు బయటపడింది. ఇద్దరం కలిసి సారును అడిగాం. మూడో వారానికి ఏడుగురే మిగిలారు. అందరూ మళ్ళీ ఎక్కుతారని నేను చెప్పలేను. కొందరికి ఎక్కాలని ఉండదు, అది వాళ్ళ ఇష్టం. కానీ ఇప్పుడు రానివాళ్ళు తమకు తాముగా రావడం లేదు. మేం తలుపు మూయడం వల్ల కాదు. ఆ రెంటికీ చాలా తేడా ఉంది.

తల్లిదండ్రులకు, గురువులకు నా విన్నపం ఒక్కటే. చురుకైన పిల్లల్ని ఆపకండి, పైమెట్లు కట్టండి. దాంతోపాటు ఒక నెల జ్వరం వచ్చిన పిల్ల, భాష మారి బెదిరిన పిల్ల, ఆలస్యంగా ఇష్టం పుట్టిన పిల్ల వెనక్కి వచ్చి ఎక్కడానికి ఒక మెట్టు వదలండి.

మొన్న రాత్రి అక్క నా పదో తరగతి పుస్తకం తీసి త్రికోణమితి పాఠం తిప్పుతోంది. "నీకెందుకక్కా ఇప్పుడు?" అన్నాను. "మార్కుల కోసం కాదులే, అప్పుడు ఏం పోయిందో చూద్దామని" అంది. పెన్సిలు ఇచ్చి పక్కన కూర్చున్నాను.

— పదో తరగతి విద్యార్థిని