గ్యోంగ్జు దాకా పోయి జింజు చూడకుండా వస్తామా?

వచ్చే శరదృతువులో దక్షిణ కొరియాకు ధమ్మయాత్ర వెళ్లాలని మేము పదిమంది ఉపాసకులం రెండేళ్లుగా డబ్బు కూడబెట్టుకుంటున్నాం. మాలో అంగన్‌వాడీ టీచరు ఉంది, రిటైరైన రైల్వే కార్మికుడు ఉన్నాడు, బస్తీల్లో పనిచేస్తూ కోర్టు మెట్లు ఎక్కి దిగేవాళ్లమూ ఉన్నాం. గ్యోంగ్జు నగరం చూడాలన్నదాంట్లో ఎవరికీ పేచీ లేదు. దాదాపు వెయ్యేళ్లు సిల్లా రాజ్యానికి రాజధాని అది. 527లో ఇచాదోన్ అనే రాజోద్యోగి ధమ్మం కోసం తల ఇచ్చాక అక్కడ బౌద్ధానికి రాజాదరణ దొరికిందంటారు. బుల్గుక్సా విహారం, ఆ పైన కొండమీద సొక్కురామ్ గుహ, నామ్‌సాన్ కొండ పొడుగునా రాళ్లలో చెక్కిన బుద్ధమూర్తులు. వారం రోజులున్నా తనివి తీరదు.

పేచీ వచ్చింది చరిత్ర చదవడం మొదలుపెట్టాక. సిల్లాలో గోల్పుమ్ అనే ఏర్పాటు ఉండేది. అంటే ఎముకల అంతస్తులు. పైన ‘పవిత్ర ఎముక’, దాని తర్వాత ‘నిజమైన ఎముక’, కింద తల అంతస్తులు. ఎవరు ఏ పదవి దాకా పోవచ్చు, ఎంత ఇల్లు కట్టుకోవచ్చు, ఏ బట్ట తొడగవచ్చు, అన్నీ పుట్టుకే తేల్చేది. ఈ సంగతి మన చెవులకు కొత్త కాదు. సొల్ గ్యేదు అనేవాడు ఇక్కడ ప్రతిభకు విలువ లేదని చైనాకు పోయి, అక్కడి సైన్యంలో పోరాడి 645లో చనిపోయాడు. చ్వే చివోన్ పన్నెండేళ్లకే చైనా పోయి పరీక్ష నెగ్గి వచ్చిన పండితుడు. 894లో రాణికి సంస్కరణల పట్టిక సమర్పించాడు. అది అమలుకు నోచుకోలేదు, ఆయన కొండల్లోకి వెళ్లిపోయాడు.

బుద్ధుని మొక్కే రాజ్యం మనుషులను పుట్టుకతో ఎలా తూచింది? అది కట్టించిన గుహలో మేము తలవంచవచ్చా?

రాజు చేసిన పాపం ధమ్మానికి అంటగట్టవద్దని మాలో పెద్దాయన అన్నారు. సగమే ఒప్పుకున్నాం. ఎందుకంటే బుల్గుక్సా పుట్టుక గురించి చెప్పే కథలోనే చిక్కు ఉంది. కూలి చేసుకు బతికే తల్లీకొడుకులు ఉన్న చిన్న చెక్క కాస్తా దానం చేస్తారు, కొడుకు చనిపోయి మంత్రి ఇంట పుడతాడు. అతడే కిమ్ దేసోంగ్. ఈ జన్మ తల్లిదండ్రుల కోసం బుల్గుక్సా, గత జన్మ తల్లిదండ్రుల కోసం సొక్కురామ్ కట్టించాడట. వినడానికి అందమైన కథ. మాకు మాత్రం మింగుడు పడదు. పేదరికం పూర్వజన్మ ఫలమైతే కూలి ఎందుకు తగ్గించావని దొరను ఎవరు అడుగుతారు? ఒకరి పేదరికానికి వారి గతజన్మే కారణమన్న మాటను బాబాసాహెబ్ ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’లో గట్టిగా కాదన్నారు.

అయినా సొక్కురామ్‌లో తలవంచుతాం. భూమిని తాకే చేతితో తూర్పు సముద్రం వైపు చూసే ఆ గ్రానైటు మూర్తిని ఇప్పుడు అద్దం అవతలి నుంచే చూడనిస్తారు, అది వేరే సంగతి. ఉలి పట్టిందీ రాయి మోసిందీ పనివాళ్లే. వోన్‌హ్యో భిక్షువు కూడా ఆ సిల్లాలోనే పుట్టాడు. కాషాయం విడిచి, సొరబుర్ర చేతబట్టి, పల్లెల్లో ఆడుతూ పాడుతూ కూలీనాలీ జనానికి బుద్ధుని పేరు నేర్పాడు. మా నమస్కారం ఆయన దారిన పోయేవాళ్లది.

అయితే అక్కడితో తిరిగి రావడం మాకు ఇష్టం లేదు. ఆగ్నేయ మూలనే, పూసాన్‌కు పడమట, జింజు నగరం ఉంది. నదీ కోటా లాంతర్ల పండుగా చూడటానికి జనం అక్కడికి పోతారు. మేము పోయేది 1923 కోసం. పశువులు కోసేవాళ్లు, తోలు పని చేసేవాళ్లు, బుట్టలల్లేవాళ్లు అక్కడ బెక్‌జోంగ్‌లు. 1894లో ఆ అంతస్తులు చట్టంలో రద్దయ్యాయి. మన 17వ అధికరణం లాగే, కాగితం మీద పోయినది ఊళ్లో పోలేదు. రిజిస్టర్లలో గుర్తులు మిగిలాయి, బళ్లలో పిల్లలను రానివ్వలేదు. 1923 ఏప్రిల్‌లో జింజులో హ్యోంగ్‌ప్యోంగ్‌సా అనే సంఘం పుట్టింది. ఆ పేరులో ఉన్నది మాంసం తూచే త్రాసు. మనుషులనూ సరిగా తూచమని అర్థం. అందులో బెక్‌జోంగ్ ఇంట పుట్టిన జాంగ్ జిపిల్ ఉన్నాడు, పెద్దింట పుట్టిన కాంగ్ సాంగ్‌హో కూడా ఉన్నాడు. మహద్ చెరువు నీళ్లు తాకడానికి అప్పటికి ఇంకా నాలుగేళ్లు.

మన అమరావతిలో దొరికిన, పూర్ణఘటం చెక్కిన ఒక పలక ఉంది. దానిని స్తూపానికి ఇచ్చినవాడు విధికుడనే తోలు పనివాడు. కుటుంబంతో కలిసి ఇచ్చానని తన వృత్తి చెప్పి మరీ చెక్కించుకున్నాడు. ఆ శాసనం అచ్చును జింజు తీసుకుపోదామని మా టీచరమ్మ అంటోంది. మాకూ నచ్చింది.

ఖర్చు లెక్క వేస్తే జింజు కోసం సియోల్లో రెండు రోజులు వదులుకోవాలి. మనుమళ్లకు ఏమైనా కొనాలనుకున్నవాళ్లు ఇంకా ఒప్పుకోలేదు. పోయిన ఆదివారం వందన ముగిశాక కూడా మాట తెగలేదు.